బల్ల పట్టుకునే పని

అన్నిటికన్నా గొప్ప సింఫనీ ఏది అన్న పంచాయితీ ఆ వాద్యబృందంలో ఏటా అక్టోబరులో వస్తుంది. అదేదో జ్ఞానం కోసం కాదు. ఏది గొప్పదని తేలితే మే నెల కచేరీలో దాన్నే వాయిస్తారు. వియన్నాలో, ఒట్టాక్రింగ్ పేటలో, ట్రాం మలుపు దగ్గర రోజల్ నడిపే బీరుహోటల్లో పొడుగుబల్ల చుట్టూ చేరతారు. వాదించి వాదించి, గ్లాసు కింద పెట్టే అట్టబిళ్ళ మీద ఓటు రాసి బృందాన్ని నడిపించే ప్రొఫెసర్ ట్రాక్స్‌లర్ టోపీలో పడేస్తారు.

ఎగిడ్ ష్వారింగర్‌కి ఆ రాత్రంటే ఒళ్ళుమంట. అతనిది ట్యూబా. దూడంత ఇత్తడి బూర. బీథోవెన్ పోయాకగానీ ఆ వాద్యం పుట్టనే లేదు, కాబట్టి ఆయన తొమ్మిది సింఫనీల్లోనూ దానికి చోటు లేదు. అయినా ఈ జనం ఏటా ఆయన దగ్గరికే వెళ్ళి పడతారు. ఎగిడ్‌ని కచేరీ చివర ఒక కవాతు పాటకి పిలుస్తారు. పెళ్ళికి పిలిచి విస్తళ్ళు ఎత్తమన్నట్టు.

"బీథోవెన్ తొమ్మిదోదాన్ని మించింది పుట్టలేదు. ఇంక వాదనెందుకు?" అంది మొదటి వయొలిన్ ఇర్మ్‌గార్డ్. ఆమె పళ్ళ డాక్టరు.

"దానికి గాయకులు కావాలి డాక్టరమ్మా. ఎక్కణ్ణించి తెస్తావు? రోజల్ వంటింట్లోంచా?" అన్నాడు ట్రాంబోన్ వాయించే వెంజెల్.

"పోనీ ఏడోది. అది వింటే కాళ్ళు ఊరుకోవు."

"వయొలిన్ మోగుతుంది కాబట్టి నీకది గొప్పది!"

ప్రొఫెసర్ వేలెత్తాడు. బడిపిల్లల ముందు ఎత్తీ ఎత్తీ అలవాటైన వేలు; వియన్నాలో బడిపంతుల్నీ ప్రొఫెసరనే అంటారు. "బ్రామ్స్ మొదటిది. ఏళ్ళకేళ్ళు చెక్కాడు దాన్ని. గొప్పతనమంటే అదీ."

"మరి రెండోదో?" అన్నాడు ఎగిడ్ ఆశగా. దాన్లో ట్యూబా ఉంది.

"అది ఎండాకాలం సెలవుల్లో రాసిపారేశాడయ్యా."

"ఆలస్యమైతేనే గొప్పదా? అయితే మా వీధి మరమ్మతుని మించిన సింఫనీ లేదు!"

అందరూ నవ్వారు. ఆ మాటన్న ఎగిడ్ మాత్రం నవ్వలేదు. "బ్రుక్నర్ నాలుగోది" అన్నాడు. ఏటా అనే మాటే.

"అది మొదలయ్యేలోపు నా బీరు వెచ్చబడిపోద్దిరా" అన్నాడు వెంజెల్.

"వయొలిన్లకి చలిజ్వరం వచ్చినట్టు గంటసేపు కమాను వణికించడమే పని. చేతులు పడిపోతాయి" అంది ఇర్మ్‌గార్డ్.

"మీ చేతులు పడిపోతే తెల్లారేసరికి లేస్తాయి. నా పళ్ళు మళ్ళీ లేవవు!"

ఇర్మ్‌గార్డ్ కళ్ళు పళ్ళెంలోకి దించుకుంది. ఎగిడ్ పైవరస ముందుపళ్ళు తీసేయాలని, ఆ తర్వాత ఊదడం మరిచిపోవాలని చెప్పింది ఆమే. మే కచేరీ దాకా ఆగమని బతిమాలింది అతను.

"ఇదే ఆఖరు. ఒక్కసారి. నా ట్యూబా మీద ఒక పెద్ద సింఫనీ నిలబడగా వినాలని ఉంది" అన్నాడు ఎగిడ్. చెప్పాక ఎందుకు చెప్పానా అనిపించింది.

ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. "మాకూ బాధగానే ఉంది ఎగిడ్. కానీ జాలి వేరు, గొప్పతనం వేరు. మనం తేల్చేది గొప్పతనం."

వెంజెల్ బల్ల కింద ఎగిడ్ మోకాలు తట్టాడు. "నా ఓటు నీదేరా."

టోపీ తిరిగింది. బీథోవెన్, బ్రామ్స్ సమానంగా వచ్చారు. బ్రుక్నర్‌కి ఒక్కటే అట్టబిళ్ళ. దాని మీది చేతిరాత ఎగిడ్‌దే. వెంజెల్ తన గ్లాసులో నురగ వంక చూస్తూ కూర్చున్నాడు.

"తగవెందుకు? ద్వోర్జాక్ తొమ్మిదోది వేద్దాం" అన్నాడు ప్రొఫెసర్.

"మా తాత దేశంవాడు!" అని వెంజెల్ బల్ల చరిచాడు.

"అందులో ట్యూబా కూడా ఉంది ఎగిడ్. చూశావా, నిన్ను మర్చిపోలేదు" అన్నాడు ప్రొఫెసర్.

చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి! ఉన్నది ఎంతో ఎగిడ్‌కి తెలుసు. రెండో భాగంలో నిదానంగా గుప్పెడు స్వరాలు. అవీ పక్కనున్న ట్రాంబోన్‌తో కలిసి పలికేవే. అతను ఊదకపోయినా ఎవడూ గుర్తుపట్టడు.

మే వచ్చింది. చర్చి హాలు నిండింది. మొదటి భాగమంతా ఎగిడ్ ట్యూబాని ఒళ్ళో పెట్టుకుని, పరాయివాళ్ళ బిడ్డని ఎత్తుకున్నట్టు కూర్చున్నాడు. రెండో భాగంలో తన గుప్పెడూ ఊదాడు. ఈ ఏడు చివర కవాతు పాట కూడా లేదు. ఆ భాగం ముగియగానే ప్రొఫెసర్ కనుబొమలతో తలుపు చూపించాడు. ఎవరి పని ముందు అయిపోతే వాళ్ళు హోటలుకి పోయి బల్ల పట్టుకోవాలి. ఆ బృందంలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఎగిడ్ లేచాడు.

హోటల్లో పొడుగుబల్ల ఖాళీగా ఉంది. పెట్టెలోంచి బ్రుక్నర్ నాలుగోదాని ట్యూబా స్వరాల కాగితాలు తీసి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరిచాడు. పెదవి తడుపుకుని, వాద్యం ఎత్తి, ఊరికే కూర్చున్నాడు.

రోజల్ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏంటయ్యా, ఎవరికోసం?"

"కొమ్ముబూర కోసం. ముందు అది పలకాలి. నా వంతు తర్వాత."

"ఇక్కడ కొమ్ముబూరేదీ?"

"లేదు. అయినా ఆగాలి."

తన వంతు వచ్చినప్పుడు ఊదాడు. గోడకున్న పళ్ళాలు గలగలమన్నాయి. ఊరుకోవలసిన చోట ఊరుకుని, లోలోపల తాళం లెక్కపెట్టాడు. ముందుపళ్ళు సలిపాయి. ఆపలేదు.

కచేరీ ముగించుకుని అందరూ ఆకలితో వచ్చిపడ్డారు. రోజల్ మాంసం పులుసు గిన్నెలు మోసుకొచ్చింది. దించడానికి చోటు లేదు.

"కాగితాలు తియ్యరా, కడుపు కాలిపోతోంది" అన్నాడు వెంజెల్.

ఎగిడ్ చెయ్యెత్తి ఆపాడు. లెక్క పూర్తిచేసుకుని అన్నాడు, "బల్ల పట్టుకోమన్నారుగా. పట్టుకున్నాను. ఇంకా మూడో భాగంలో ఉన్నాను."

"అంత గట్టిగా ఊదకు ఎగిడ్, చిగుళ్ళు..." అంది ఇర్మ్‌గార్డ్.

"రేపు మీ కుర్చీలో కూర్చుంటాగా, పళ్ళు తీసేద్దురు. ఇవాళ వదిలెయ్యండి."

"బ్రామ్స్ అయితే ఈపాటికి భోజనాలు అయ్యేవి" అని గొణిగాడు ప్రొఫెసర్. ఎవరూ నవ్వలేదు.

వెంజెల్ వంగి తన ట్రాంబోన్ పెట్టె మూత తీయబోయాడు.

"వద్దు" అన్నాడు ఎగిడ్. "ఓటెయ్యలేదుగా. నిలబడు."

మళ్ళీ వాద్యం ఎత్తాడు. వాళ్ళు గోడవారన నిలబడ్డారు. పులుసు చల్లారిపోతోంది.