ముందే వెళ్లి నిలబడ్డ పడవ

చెల్లెలు రేపు సముద్రమే లేని ఊరికి ఉద్యోగానికి పోతోంది. ఇన్నేళ్లూ పడవ నడిపింది అన్న. ఎక్కినవాళ్లకు తిమింగలాలను చూపించింది ఆమె. ఈ పూట వేరే ఎవరూ లేరు. ఒక్కసారి అత్తగారు కనిపిస్తే చెల్లెలి మనసు మారుతుందేమోనని అతని ఆశ. ఆశ అనడం కంటే ఆకలి అనాలి.

అత్తగారంటే తోక అంచు చిరిగిన తిమింగలం. తోచినప్పుడు వస్తుంది, పలకరించేలోపు వీపు తిప్పేస్తుంది. ఆ పేరు చెల్లెలే పెట్టింది. చాలాకాలంగా జాడ లేదు.

ఎండెక్కుతుండగా దూరాన తిమింగలం ఊపిరి తుంపరగా లేచింది. పక్కనే ఇంకొకటి, చిన్నది. పెద్దదాని తోక పైకి లేచినప్పుడు అంచు చిరిగి కనిపించింది.

"పిల్లని వెంటేసుకొచ్చింది అన్నయ్యా," అంది చెల్లెలు మెల్లగా.

పిల్ల ఉంటే దగ్గరికి పోకూడదు, వెంటపడకూడదు. కొత్తగా పడవ పట్టినవాళ్లకు చెవినిల్లు కట్టుకుని అతను చెప్పే మాటే. కానీ చెయ్యి ఊరుకోలేదు. వెంటపడితే తప్పుగానీ, చుట్టూ తిరిగి ముందుకెళ్లి వాటి దారిలో నిలబడితే తప్పేముంది? వస్తే అవే వస్తాయి. అలా తనకు తనే నచ్చజెప్పుకుని, పడవను విశాలంగా తిప్పి తీసుకెళ్లి ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టాడు.

"కాపు కాస్తున్నావా?"

"ఎదురుచూస్తున్నాను."

"అప్పులవాడూ ఇదే మాటంటాడు."

తల్లి ఆగింది. పిల్లను అవతలి పక్కకు నెట్టి, తను అడ్డం తిరిగింది. మరుక్షణం రెండూ మునిగిపోయాయి.

చెల్లెలు కోప్పడలేదు. అతనికి కష్టమనిపించింది అదే. రేవు ఆఫీసులో ఆమెకు చెప్పకుండా అతను మాట్లాడిపెట్టిన పని గురించి, మేడమీద ఆమె కోసమని కట్టించిన గది గురించి ఎత్తింది. వద్దనడానికి నోరు రాకే దూరాన ఉద్యోగం వెతుక్కున్నానంది.

"నువ్వెప్పుడూ నా వెంటపడలేదు. నేనెటు తిరిగినా అక్కడ ముందే ఉండేవాడివి."

ఎంతో సేపటికి, చాలా అవతల, పెద్ద తుంపర, దాని చాటున చిన్నది. చెయ్యి మళ్లీ లాగింది. అతను పడవ ముక్కును ఒడ్డువైపు తిప్పి, అల కూడా లేవనంత నెమ్మదిగా నడిపాడు. ఇప్పుడవి అతని వీపు వెనక ఉన్నాయి. చెల్లెలు వెనక అంచున కూర్చుని అటే చూస్తోంది. ఏం కనిపిస్తోందని అతను అడగలేదు.

"రేపు బస్సు దాకా నేను రానా," అన్నాడు తలతిప్పకుండా, "నువ్వే వెళ్తావా?"

జవాబు కోసం అతను తొందరపెట్టలేదు.