మూడు భాగాలు

మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా పాశ్చాత్య రాజనీతి చింతన చెబుతున్నాను. ఏథెన్సులో మొదలుపెట్టి, మార్చి వచ్చేసరికి న్యాయం దగ్గరికి చేరతాను. పంచేవాడికి తన భాగం ఏదో తెలియకూడదు, అప్పుడే సమంగా పంచుతాడు అని చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. ఈసారి నిఖిత అనే అమ్మాయి మాత్రం, "మీ ఇంట్ల గిట్లనే పంచుకున్నరా మేడం?" అని అడిగింది. బెల్లు మోగి నన్ను కాపాడింది.

ఆ ఆదివారమే మా పుట్టిల్లు నిడమనూరులో పొలం పంపకం. నాన్న పోయి ఏడాదైంది. తొమ్మిదెకరాలు. కోదాడలో ఎరువుల దుకాణం నడిపే అన్న సత్యనారాయణ గీసిన గీత, సూర్యాపేటలో ఉండే తమ్ముడు సందీప్‌కు నచ్చలేదు. తమ్ముడు గీసింది అన్నకు నచ్చలేదు. చివరికి నన్ను పిలిచారు.

"నువ్వే పంచు చెల్లె. నీకు భాగం లేదు గద, ఎవరి దిక్కు మాట్లాడవు," అన్నాడు అన్న. నా హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం అతని సంచిలో తయారుగా ఉంది. కాదనాలని అప్పటికి నాకూ తోచలేదు. పాఠం కాలేజీలో వదిలేసి ఇంటికొచ్చే రకాన్ని నేను.

పొలం పటం మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీశాను. చూస్తే, బోరు సందీప్ వైపు పడింది. అనుకుని చేసింది కాదు. వాణ్ని ఎత్తుకుని పెంచిన చెయ్యి, అటే పోయింది. భాగం లేనంత మాత్రాన పక్షపాతం లేకుండా పోదని నా పెన్సిలే చెప్పింది. సిగ్గేసింది.

చెరిపేశాను. రెండోసారి గంట పట్టింది. కాలువ పారే చోట కొంచెం తక్కువ, బోరున్న చోట మధ్యస్థంగా, మెట్ట ఎక్కువ. ఏది నాకొచ్చినా ఏడవకుండా ఉండేలా గీశాను.

సందీప్ వేలుతో లెక్కపెట్టాడు. "మూడున్నయేంది అక్కా?"

"పంచినోళ్లు ఆఖర్న తీస్కోవాలె. మీరిద్దరు ముందు ఏరుకోండ్రి. మిగిలింది నాది."

అన్న మొహం గంటు పెట్టుకున్నాడు. "నీ పెండ్లి చేసినం గద."

"మీవి చెయ్యలేదా?"

ఈ పూటతో తల్లిగారిల్లు మూసుకుపోతుందేమోనని భయమేసింది. అయినా పటాన్ని వాళ్ల ముందుకు తోశాను.

అన్న చాలాసేపు చూశాడు. ఒకదాని మీద వేలు పెట్టి తీశాడు, ఇంకోదాని మీద పెట్టి తీశాడు.

"ఏది తీస్కున్నా ఒకటే తీరుగున్నది గద," అని విసుక్కున్నాడు.

పద్దెనిమిదేళ్లలో నా పాఠం అంత బాగా అర్థమైన విద్యార్థి ఇంకొకరు లేరు.