చూసినట్టు ఒక ముడి

నాలుగో సాంచ మీద పోగు తెగింది. కనుకయ్య ఆ మరమగ్గాన్ని ఆపి, వంగి, తెగిన కొసలు రెండూ బొటనవేలి గోటి మీద కలిపి ముడి వేశాడు. ముప్పై ఏళ్ల ముళ్లకు ఆ గోరు మధ్యలో గాడి పడి ఉంది. నడుము ఎత్తేసరికి ఛాతీ మీద ఎవరో బండ పెట్టినట్టయింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గోడ కూడా అదురుతూనే ఉంది. భివండి శాంతి నగర్‌లో సాంచాల మోతకు అదరని గోడ లేదు.

ఆ మోతలో మాటలు చెల్లవు. పగటి పాళీ కనుకయ్యది, రాత్రి పాళీ నాగయ్యది. ఇద్దరివీ ఒకే సాంచాలు కనుక ఇద్దరూ జోడీదార్లు. ఒకడు దిగగానే ఇంకొకడు ఎక్కాలి, నిలబడి ముచ్చట పెట్టే తీరిక ఉండదు. ఏ సాంచకు ఏం రోగం వచ్చిందో దిగిపోయేవాడు దాని చట్రానికి రంగు దారం కట్టి చెబుతాడు. ఎర్ర దారమైతే పోగును అటూ ఇటూ మోసే నాడె సరిగా పోవడం లేదని, పచ్చదైతే పోగులు వదులైనాయని. వచ్చినవాడు చూసి ఆ దారానికి ఒక ముడి వేస్తాడు. చూశాను, నీ మాట అందింది అని అర్థం. పని అయ్యాక తెంపేస్తాడు. తను కట్టిన దారానికి ముడి పడలేదంటే కనుకయ్యకు ఆ రోజంతా గోడతో మాట్లాడినట్టే ఉండేది.

ఈ పొద్దు అతని మనసు సాంచాల మీద లేదు.

కనుకయ్య బిడ్డ అనిత డిగ్రీ చదివింది. వాళ్ల ఇంటిపేరు వాళ్లలో అంత చదివింది ఆమె ఒక్కతే. నూలు వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ పని. అన్నం తినే వేళలో అదే కంప్యూటర్ మీద తెలుగులో ఏవో రాస్తుంది. దాన్ని బ్లాగు అంటారట. 'సాంచాల సందు' అని పేరు పెట్టింది. కండెలు చుట్టి చుట్టి వేళ్లు వంకరపోయిన లస్మవ్వ గురించి రాసింది. ఊరికి పోతానని ఏళ్ల తరబడి పెట్టె సర్దుకొని, పోకుండానే కన్ను మూసిన హనుమాండ్లు గురించి రాసింది. ప్రతి రాత చివరా ఒకటే అడుగుతుంది: మీకు తెలిసింది మీరూ రాయండి, తప్పుంటే తిట్టండి, మాట్లాడండి. భివండి వాళ్లు, సూరత్ వాళ్లు, సోలాపూర్ వాళ్లు, పొట్ట చేతబట్టుకొని వచ్చిన తెలుగువాళ్లంతా ఒక్క అరుగు మీద కూర్చున్నట్టు అక్కడ ముచ్చటించుకోవాలని ఆమె ఆశ. ఏడాది దాటింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

నేను రాయనా అని కనుకయ్య ఒకసారి అడిగాడు. అనిత నవ్వింది.

"నువ్వు రాస్తే లెక్కల రాదు బాపూ. ఇంట్లోళ్లు మెచ్చుకుంటే ఏంది? బయటోళ్లు పలకాలె."

అప్పటి నుంచే అతను చెప్పకుండా పోవడం మొదలుపెట్టాడు. శుక్రవారం సాంచాలు బంద్. ధామన్కర్ నాకా కూడలి దగ్గర పూనం అనే ఆమె నడిపే సైబర్ కేఫ్ ఉంది. తెలుగింటి ఆడపడుచే గాని చదివింది హిందీ బడిలో, తెలుగు అక్షరం రాదు. పేజీ తెరిచి ఇస్తుంది. ఊళ్లో నాలుగో తరగతి దాకా నేర్చిన చదువుతో కనుకయ్య పెదవులు కదుపుతూ కూడబలుక్కుంటాడు. పూర్తయ్యాక కింద గడిలో, పేరు లేకుండా, ఒక్క చుక్క కొట్టి లేచిపోతాడు. కంప్యూటర్‌లో ముడి వేయడం అతనికి తెలిసినంతలో అదే.

పొద్దున చాయ్ దగ్గర అనిత తల్లి రామవ్వతో అంటుంటే విన్నాడు.

"ఒక్కరు పలుకుతలేరు అవ్వా. ఎవడో ఒకడు మాత్రం అన్నిటి కింద చుక్క పెట్టి పోతుండు. ఎక్కిరిస్తుండో ఏందో. నేను ఎప్పటిదప్పుడు తీసేస్తున్న. ఇయ్యాల సాయంత్రం దాక సూస్త. లేదంటే మొత్తం తుడిచేస్త."

కనుకయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆ చుక్క నాదే అన్న మాట నాలుక దాకా వచ్చింది. చెబితే ఆ ఒక్క బయటివాడూ ఇంట్లోవాడైపోతాడు. టిఫిన్ డబ్బా అందుకొని బయటపడ్డాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. శాంతి నగర్‌కు రోజూ ఆ వేళకు పోయేదే, నాకా వైపు ఇంకో వేళకు పోతుంది. సాంచాలు ఆగగానే పనివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ బట్ట తానుల మీద వాలారు. నాలుగో సాంచ నాడె పొద్దుటి నుంచీ తగులుతోంది. తిరిగి రావడం ఆలస్యమైతే నాగయ్యకు తెలియాలి కదా అని దాని చట్రానికి ఎర్ర దారం కట్టి, చొక్కా తొడుక్కొని బయలుదేరాడు. నాకా దాకా నడిచేసరికి ఊపిరి అందలేదు. దూది పీచు గొంతులోనే గూడు కట్టుకున్నట్టుంది. ఆటోల వెనక నిలబడి దగ్గి, మళ్లీ నడిచాడు.

"కాకా, ఆజ్ ఛుట్టీ లేదు కద?" అంది పూనం.

"ఇయ్యాల చుక్క గాదు బిడ్డా. మాట రాయాలె."

పూనం పక్కనే కుర్చీ లాక్కుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడతాను, చెప్పమంది.  మోతలో బతికిన మనిషికి మాట కూర్చుకోవడం పడుగు పట్టినంత పని.

"నేను ప్రతిసారి సదువుతున్న. హనుమాండ్లు పెట్టె ముచ్చట సదివి ఏడ్సిన. బంద్ జెయ్యకు బిడ్డా." తల అడ్డంగా ఊపాడు. "ఆ బిడ్డా అన్నది తీసెయ్యి."

"క్యూఁ? మంచిగుంది కద."

"దొరికిపోత. మేడం అని పెట్టు."

పూనం నవ్వి మార్చింది. కింద పేరేం పెట్టాలని అడిగింది. ఆ సంగతి అతను ఆలోచించలేదు. బయటివాడి పేరు కావాలి, దూరపువాడైతే ఇంకా మంచిది. సూరత్‌లో ఉండేవాడికి ఏ పేరు నప్పుతుంది? ఇంతలో ప్రింటర్ దగ్గర ఎవరో పిలిస్తే పూనం లేచి వెళ్లింది.

తిరిగి వచ్చి, "కాకా, నామ్ క్యా డాలూఁ?" అంది. కనుకయ్య గడ్డం ఛాతీకి ఆని ఉంది. గాడి పడిన బొటనవేలు మౌస్ అంచున ఆగి ఉంది. తెర మీద ఆ మాటలు, వాటి కింద పేరు లేని ఖాళీ గడి. పూనం భుజం పట్టి కదిపింది. అతను పక్కకు వాలాడు.

నలుగురూ చేరి ఆటోలోకి మోశారు. ఆ సందడిలో ఎవరో కంప్యూటర్ ఆపేశారు.

కబురు కార్ఖానాకు చేరకముందే పాళీ మారింది. నాగయ్య వచ్చి, ఎర్ర దారం చూసి, ముడి వేసి, నాడె మార్చి సాంచ నడిపాడు.

తండ్రి దినకర్మలయ్యాక అనిత ఆయన టిఫిన్ డబ్బా కోసం కార్ఖానాకు బయలుదేరింది. దారిలో కేఫ్ దగ్గర ఆగితే పూనం అంతా చెప్పింది. పంపకుండా పోయిన ఆ మాటలు చెప్పింది. ప్రతి శుక్రవారం ఎంతో సేపు చదివి, ఒక్క చుక్క కొట్టి పోయేవాడని చెప్పింది.  తన చేత్తో ఎన్ని చుక్కలు తీసేసిందో అనిత గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. బ్లాగును ఆమె తుడిచేయలేదు. మళ్లీ రాయనూ లేదు.

కార్ఖానాలో నాగయ్య డబ్బా అందించి, ఆమెను నాలుగో సాంచ దగ్గరికి తీసుకుపోయాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే గాని వినబడలేదు.

"దారం మీ బాపు కట్టిపోయిండు. ముడి నాది. సూసిన అన్నట్టు."

"గంతేనా?"

"గంతే బిడ్డా. గీ మోతల ఇంకేం జెప్పుకుంటం."

పని అయ్యాక తెంపేయాల్సిన దారాన్ని, కబురు తెలిశాక నాగయ్య తెంపలేదు, కొత్తగా వచ్చిన జోడీదారూ ముట్టలేదు. చుక్కంత ముడితో ఆ ఎర్ర దారం, సాంచ కొట్టే ప్రతి దెబ్బకూ అదురుతూ, చట్రాన్ని అంటిపెట్టుకొని ఉంది.