కార్కు పిడి మీద నూనె

గాలం కర్రకున్న కార్కు పిడిని ఆమె పొద్దున్నించి మూడోసారి శుభ్రం చేస్తోంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, నల్లబడ్డ చోట సన్నటి గరుకు కాగితంతో పైపైన రుద్దింది. పది గంటల బస్సుకు తన చెల్లెలు పట్నం వెళ్లి, అక్కణ్నుంచి విమానంలో వేరే దేశం వెళ్లిపోతోంది. వీధి చివర బస్సు ఎక్కేలోపు ఒక్కసారి కళ్లారా చూసి రావాలని ఆమె ఆరాటం.

"ఇంకా జిడ్డుగానే ఉందే," అన్నాడు భర్త, మంచంలోంచే పిడిని తడిమి చూస్తూ. కాళ్లు చచ్చుబడి రెండేళ్లయింది. "రేపు ఏటికి పోవాలి. బాగా తుడిచి అప్పుడు వెళ్లు."

"రెండేళ్లుగా అదే రేపు! ఇలా రుద్దితే పిడి అగ్గిపుల్లంత అవుతుంది, చేపలు నవ్విపోతాయి."

ఆయన నవ్వలేదు. ఆమె మళ్లీ తుడిచి, ఆరబెట్టి, తెల్లబడ్డ పిడిని ఆయన చేతికిచ్చి చెప్పుల కోసం లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన మంచం పక్కనున్న తలనూనె అరచేతిలో పోసుకుని పిడికి గబగబా పట్టిస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి దుప్పటి కింద దాచుకున్నాడు.

"చూశావా, జిడ్డు పోలేదు," అన్నాడు. "నువ్వు కూడా వెళ్లి మళ్లీ రాకపోతే?"

గోడ గడియారంలో పదికి అయిదు నిమిషాలే ఉన్నాయి. ఆమె చెప్పులు విడిచి, సబ్బునీళ్ల గిన్నె దగ్గరకు లాక్కుంది. వీధి చివర బస్సు హారను రెండుసార్లు మోగినా గుడ్డ పిండుతూనే ఉంది.