గల్లాపెట్టెకు ఒక పేజీ

ఇరవై ప్రశ్నలు, ఇరవై తప్పులు. మొదటిసారి సున్నా వచ్చినప్పుడు కంప్యూటర్ చెడిపోయిందనుకున్నాడు నల్లప్ప. అనుకోడా మరి? పుంగనూరు చింతపండు మండీలో ఇరవై ఆరేళ్లుగా జమాఖర్చులు రాస్తున్న గుమాస్తా ఆయన. ఆయన రాసిన దినచిట్టాలో కొట్టివేత కనబడాలంటే దీపం పెట్టి వెతకాలి. అట్లాంటి మనిషిని పట్టుకుని, నగదు వస్తే ఏమని రాయాలి, పోతే ఏమని రాయాలి అని పసిపిల్లల ప్రశ్నలు అడిగి, చివరికి సున్నా చేతిలో పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

“నీ మిషన్ బాగలేదప్పా,” అన్నాడు, బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే మునికుమార్‌తో.

“మిషన్ బాగానే ఉండాదన్నా. ఇంగోసారి రాయి. నాలుగు తూర్లు రాయొచ్చని వేసిండారు.”

రెండోసారి కళ్లజోడు తుడుచుకుని, గంటకు పదిహేను రూపాయల లెక్కన రెండు గంటలు కూర్చుని, ఒక్కో ప్రశ్నను మూడేసి సార్లు చదివి మరీ రాశాడు. ప్రశ్నలు మారాయి. సున్నా మారలేదు.

నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆయనకు ఈ చదువు ఎందుకు తగులుకుందంటే, అంతా బ్యాంకు లోను మహిమ. మండీ యజమాని రెడ్డెప్ప మదనపల్లె రోడ్డులో కోల్డ్ స్టోరేజీ కడదామని లోనుకు పెట్టుకున్నాడు. మదనపల్లె ఆడిటరు వచ్చి నల్లప్ప పుస్తకాలు తిరగేసి, చేతిరాత చాలా బాగుందని మెచ్చుకుని, ఈ పద్ధతి లెక్కలు బ్యాంకువాళ్లు ముట్టుకోరని చెప్పి వెళ్లిపోయాడు. 2009 ఏప్రిల్ ఒకటి నుంచి రెండు పద్దుల లెక్క, అంటే డబుల్ ఎంట్రీ, రాయాలి. అది నేర్పడానికి కుప్పంలో ఒక కాలేజీవాళ్లు ఇంటర్నెట్‌లో మూడు నెలల కోర్సు పెట్టారు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ మూల సూత్రాలు, తెలుగులోనే. పాఠాలూ చిన్న పరీక్షలూ కంప్యూటర్లో. అవి గట్టెక్కితే మార్చి ఆఖరు ఆదివారం కుప్పంలో పెద్ద పరీక్ష.

“ఫీజు నేను కడతాను. సర్టిఫికేట్ తెస్తివా, సీటు నీదే నల్లప్పా,” అన్నాడు రెడ్డెప్ప. “తేకపోతే బీకాం సదివినోడు ఒగడు వస్తాడు. నువ్వు కాటా కాడ నిలబడుదువులే.”

కాటా దగ్గర నిలబడటం తప్పేమీ కాదు. కానీ నల్లప్పకు ఆ మాట ఇంకోలా తగిలింది. దానికి ఒక పాత కథ ఉంది. 1994 మార్చిలో ఒక సంత రోజు సాయంకాలం గల్లాపెట్టెలో పదకొండు వందలు తగ్గాయి. దినచిట్టా ఎన్నిసార్లు కూడినా తప్పు దొరకలేదు. అప్పటికి ఆయన జీతం నెలకు ఏడు వందలు. భార్య ఎల్లమ్మ కమ్మలు అమ్మి ఆ డబ్బు పెట్టెలో వేశాడు. దొంగ అని ఎవరూ అనలేదు. కానీ ఆ మరుసటి రోజు నుంచి పెట్టె తాళంచెవి రెడ్డెప్ప మొలతాడుకు చేరింది. పదిహేనేళ్లుగా రోజూ సాయంకాలం ఆయనే వచ్చి డబ్బు లెక్కపెడతాడు, నల్లప్ప పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇప్పుడు సీటు కూడా పోతే, ఊళ్లో జనం ఆ రెండూ కలిపి చెప్పుకోరా?

మూడోసారికి నల్లప్పకు తెగింపు వచ్చింది. జేబులోంచి ఒక చింతపిక్క తీశాడు. ఆడపిల్లలు ఆడుకునే రకం, ఒక వైపు అరగదీసి తెల్లగా చేసింది. తెలుపు పడితే డెబిట్, నలుపు పడితే క్రెడిట్. ఇరవై సార్లు బల్ల మీద విసిరి ఇరవై జవాబులు నొక్కాడు. తొమ్మిది వచ్చాయి.

మునికుమార్ సంతోషం పట్టలేక ఆ సంగతి మండీలో పిక్క తీసే ఆడవాళ్ల దాకా మోశాడు. వాళ్లలో ఎల్లమ్మా ఉంది. ఆ సాయంకాలం ఇంటికి నడుస్తూ మొదలుపెట్టింది.

“పిక్కతో పరీచ్చ రాసినావంటనే.”

“ఎవరు సెప్పిరి?”

“ఎవరు సెప్తే ఏమి. నాలుగోది గూడా పిక్కే రాస్తాదా? తెలీకుంటే ఆ పాఠం సెప్పే మేడాన్ని అడగరాదా, నోరుండాది గదా.”

“ఏమని అడిగేది మే? ఇరవై ఆరేండ్లు రాసినోణ్ణి, లెక్క రాసేది ఎట్ల అని అడగల్నా?”

“అట్లనే అడుగు. కాటా కాడ నిలబడేదానికి సిగ్గు లేదు గానీ అడిగేదానికి సిగ్గా?”

నల్లప్ప ఇల్లు చేరేదాకా చెప్పుల వైపు చూస్తూ నడిచాడు.

శనివారం నాలుగు గంటలకు పాఠం చెప్పే మేడంతో మాట్లాడే వీలుంది. ఆమె పేరు చాందిని. కుప్పంలో కూర్చుని మాట్లాడుతుంది, ఇక్కడ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే వినబడుతుంది. గొంతు వింటే పాతికేళ్లకు మించి ఉండదనిపించింది. నల్లప్ప రెండుసార్లు గొంతు సవరించుకుని, నెట్ తెగిపోతే బాగుండని మనసులో మొక్కుకుని, తెగకపోయేసరికి చెప్పాడు.

“మేడం, నాకు ఈ సదువు రాదేమో. మూడు తూర్లు రాసినా. ఒగసారి మాత్రం తొమ్మిది వచ్చినాయి.”

“మీ మార్కులు నా ముందరే ఉండాయి నల్లప్పగారూ. ఆ తొమ్మిది ఎట్ల వచ్చినాయి?”

అబద్ధం చెప్పడానికి నోరు తిరగలేదు. చింతపిక్క సంగతి చెప్పేశాడు. అవతల చిన్న దగ్గు వినబడింది. నవ్వు ఆపుకుంటోందని ఆయనకు తెలిసింది.

“అయితే ఆ తొమ్మిది పిక్కవి, మీవి కావు. మీవి ఆ రెండు సున్నాలు. వాటిని చూసి నేను వారం నుంచి మీకోసమే ఎదురు చూస్తాండాను,” అంది చాందిని. “ప్రతి ప్రశ్నకూ రెండే జవాబులు. ఏమీ తెలీనివాళ్లు కళ్లు మూసుకుని నొక్కినా తొమ్మిదో పదో వస్తాయి, మీ పిక్కకు వచ్చినట్ల. రెండు తూర్లు ఇరవైకి ఇరవై తప్పు రావాలంటే, లెక్క పూర్తిగా తెలిసిన మనిషికే సాధ్యం. మీకు అంతా తెలుసు. ఎక్కడో ఒక్కచోట తిరగబడిండాది. అదేందో చూద్దాం.”

నల్లప్ప హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకున్నాడు. రెండు వారాలుగా తన మీద తనకున్న కోపం సగం ఆ మాటకే దిగిపోయింది.

“గంగప్ప అనే వ్యాపారి వెయ్యి రూపాయలు తెచ్చి కట్టినాడు అనుకోండి. జమ ఎవరి పేరున రాస్తారు?”

“గంగప్ప పేరునే. ఇచ్చినోని పేరునే గదా జమ.”

“కరెక్టు. జమ అంటే క్రెడిట్. ఆ వెయ్యి ఇప్పుడు యాడుండాది?”

“గల్లాపెట్టెలో.”

“మీ పుస్తకంలో గల్లాపెట్టెకు ఒక పేజీ ఉండాదా?”

“పెట్టెకు పేజీ ఏంది మేడం? మనుషులకే గదా పేజీలు.”

“అదే తిరగబడింది. పెట్టెను గూడా ఒక మనిషనుకోండి. గంగప్ప ఇచ్చినాడు, పెట్టె తీసుకునింది. తీసుకున్నోళ్ల పేరున మీరేమి రాస్తారు?”

“ఖర్చు రాస్తాము.”

“అదే డెబిట్. నగదు ఖాతా అంటే ఆ పెట్టె పేజీ. నేను పెట్టెకు ఏమి రాయాలని అడుగుతాంటే, మీరు గంగప్పకు రాయాల్సింది రాస్తాండారు. పెట్టె వేరు, మీరు వేరు నల్లప్పగారూ. పెట్టెలోకి వచ్చిన డబ్బు పెట్టె బాకీ. మీరు రాసేవాళ్లు, అంతే.”

పెట్టె వేరు, నువ్వు వేరు అని ఈ ఇరవై ఆరేళ్లలో ఒక్కరు కూడా ఆయనకు చెప్పలేదు. హెడ్‌ఫోన్ తీసి, మునికుమార్‌ను పిలిచి, అక్కడికక్కడే నాలుగోసారి రాశాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. ఇరవైకి ఇరవై. మునికుమార్ ఆ రోజు డబ్బులు తీసుకోనన్నాడు, నల్లప్ప ఊరుకోలేదు, నాలుగో వంతు తగ్గించి ఇద్దరూ రాజీ పడ్డారు.

ఆ తర్వాత పాఠాలు బండి రోడ్డెక్కినట్టు సాగాయి. పెద్ద పరీక్షకు ముందు ఒక పని ఇచ్చారు. పాత లెక్కల్లోంచి ఏదైనా ఒక నెల తీసుకుని, రెండు పద్దుల పద్ధతిలో తిరగరాసి కుప్పం తేవాలి. ప్రతి రాతకూ ఇంకో పేజీలో జోడు రాత ఉండాలి. జోడు దొరికిన కొద్దీ టిక్కు పెట్టుకుంటూ పోవాలి.

ఏ నెల అయినా సరేనన్నారు. తేలికైన నెలలు అటక మీద మూడు వందల దాకా ఉన్నాయి. నల్లప్ప చెయ్యి మాత్రం 1994 మార్చి మీదికే పోయింది. భయమూ వేసింది. ఇన్నేళ్లుగా ఎవరూ అనని మాట ఈ కొత్త లెక్క తేల్చి చెబితే? అయినా తీశాడు. దినచిట్టా, వ్యాపారుల ఖాతాలు తన దగ్గరే ఉన్నాయి. లారీల పుస్తకం మాత్రం రెడ్డెప్ప సొంతంగా ఇంట్లో రాసుకునేవాడు. అడిగి తెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ నెలలోని నగదు రాతలన్నీ గల్లాపెట్టె పేజీకి ఎక్కించి టిక్కులు పెట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి అన్నింటికీ జోడు దొరికింది. ఒక్కటి మిగిలిపోయింది. లారీల పుస్తకంలో, ఆ సంత రోజు తారీఖున, కలికిరి లారీకి నగదు అడ్వాన్సు, పదకొండు వందలు. రాత రెడ్డెప్పది. పెట్టెలోంచి తనే తీసి ఇచ్చి, తన పుస్తకంలో రాసుకుని, నల్లప్పకు చెప్పడం మరిచాడు. వారం తర్వాత లారీ బాడుగలో ఆ అడ్వాన్సు మినహాయించుకున్నాడు కూడా. తీసిన పదకొండు వందలకు దినచిట్టాలో జోడు లేదు.

“మే, ఇట్ల రా,” అని పిలిచాడు. ఎల్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన వేలు పెట్టిన చోట చూసింది. ఆమెకు చదువు రాదు. అంకెలు మాత్రం తెలుసు.

“ఇది నా కమ్మల డబ్బే గదా,” అంది.

నల్లప్ప తల ఊపాడు. చెప్పులో గులకరాయితో పదిహేనేళ్లు నడిచి, అదే తన నడక అనుకున్నవాడికి, ఆ రాయి తీసి చేతిలో పెట్టినట్టయింది. కళ్లు తడిశాయి. ఎల్లమ్మ పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది.

మార్చి ఆఖరు ఆదివారం పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం బస్సులు పట్టుకుని వెళ్లి పరీక్ష రాశాడు. చాందిని ఆయన తిరగరాసిన నెలను తీరిగ్గా చూసింది. టిక్కు లేని రాత దగ్గర ఆగింది.

“దీనికి జోడు ఏదీ?”

“దానికి జోడు నేను కట్టినాను మేడం,” అన్నాడు నల్లప్ప.

ఆమె ఆయన ముఖం వైపు చూసి, పేజీ తిప్పింది. డెబ్బై ఎనిమిది మార్కులు వేసి, సర్టిఫికేట్ ఆ సాయంకాలమే ఇప్పించింది.

ఏప్రిల్ ఒకటిన రెడ్డెప్ప ముందు సర్టిఫికేట్ పెట్టాడు. దాని పక్కన తిరగరాసిన పుస్తకం, లారీల పుస్తకం పెట్టాడు. ఎట్లా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుని వచ్చాడు గానీ, తీరా సమయానికి ఒక్కటీ గుర్తు రాలేదు. వేలు పెట్టి చూపించాడు, అంతే.

రెడ్డెప్ప కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాడు.

“ఇది నా రాతే,” అన్నాడు. “ఎల్లమ్మ కమ్మలు అమ్మితివి గదా అప్పుడు.”

“అవునన్నా.”

“పదహైదేండ్లు నేను నీ ముందర డబ్బు ఎంచినాను.”

రెడ్డెప్ప కొత్త పుస్తకం ముందుకు తోశాడు. మొదటి పేజీలో నల్లప్ప అప్పటికే ‘గల్లాపెట్టె’ అని రాసి ఉన్నాడు.

“ఇచ్చినోని పేరున జమ రాయాల అంటారు గదా మీ కోర్సులో?”

“అవునన్నా.”

“అయితే రాయి. పదకొండు వందలు.”

“ఎవరి పేరున?”

“నీ పేరున రాయప్పా. ఇంకెవరి పేరున?”

ఇరవై ఆరేళ్లలో ఎందరి పేర్లకో పేజీలు తెరిచాడు గానీ, ఆ పుస్తకాల్లో తన పేరుకు పేజీ ఎప్పుడూ లేదు. రెండో పేజీ తిప్పి, పైన నల్లప్ప అని రాయబోయాడు. ఒక అక్షరం తప్పింది. కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. రెడ్డెప్ప మొలతాడుకున్న తాళంచెవి విప్పి పుస్తకం మీద పెట్టి, కాటా వైపు వెళ్లిపోయాడు.

సాయంకాలం ఇంటికి నడుస్తూ అంతా ఎల్లమ్మకు చెప్పాడు. ఆమె బోడి చెవిని ఒకసారి తడుముకుని, నాలుగడుగులు వేశాక అడిగింది.

“జమ రాసినారు సరే. పదహైదేండ్ల వడ్డీ యాడ రాసినారు?”

“అది రెడ్డెప్పన్ననే అడగాల మే,” అన్నాడు నల్లప్ప, చాలా ఏళ్లకు గట్టిగా నవ్వుతూ. “నేను రాసేవాణ్ణే. పెట్టెను కాను.”