కదిలితే హారను

పెళ్ళిచూపుల చాయ ఇచ్చే ఉంటారు ఈపాటికి, చాయతో పాటు మిక్చరూ పెట్టి ఉంటారు, తొర్రూరోళ్ళు మర్యాదస్తులని కొడుకు రాజలింగం దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు, మర్యాద తెలిసినవాళ్ళయితే పిల్లవాడి బాపమ్మ ఏదని అడగరా, అడిగే ఉంటారు, కోడలు రాణి ఏదో ఒకటి చెప్పే ఉంటుంది, మా అత్తకు మోకాళ్ళ నొప్పులు, ఇంటికాడనే ఉన్నది అని, అనుకుంటూ అంజమ్మ కారు వెనక సీటులో బొమ్మలా కూర్చుని ఉంది, కదలడానికి లేదు, కదిలితే హారను కొడుతుంది, ఇందాక మెలకువ వచ్చి, ఎవరూ లేకపోవడం చూసి తలుపు గుంజితే తలుపు రాలేదు కానీ హారను వచ్చింది, ఒకటే అరుపు, మళ్ళీ గట్టిగా ఊపిరి తీస్తే అరుస్తుందేమోనని సగం ఊపిరే తీస్తోంది.

మనవడు చిరంజీవి కొన్న కరెంటు కారు ఇది, భూపాలపల్లి బొగ్గు గనిలో కొలువు చేస్తూ కొన్నాడు, దీనికి తాళంచెవి లేదట, ఫోనే తాళంచెవి, ఫోను జేబులో పెట్టుకుని వస్తే తలుపులు తెరుచుకుంటాయి, తలుపులకు తాళం పడ్డాక లోపల ఏది కదిలినా దొంగ అనుకుని అరుస్తుంది, పోయిన ఆదివారం బచ్చన్నపేటలో ఇంటి ముందర వాడకట్టు వాళ్ళందరినీ నిలబెట్టి, పక్కింటి కట్టమ్మ కోడిపుంజును లోపల పెట్టి మరీ చూపించాడు, పుంజు కింద తువ్వాల పరిచాడు సీటు పాడవుతుందని, ఈ పొద్దున తన తల వెనకా ఒక తువ్వాల కట్టాడు, బాపమ్మా నీ తలనూనె అంటుతది అని, అంటే పుంజూ తనూ ఒకటే లెక్క అన్నమాట, పుంజునైనా వాడు ఎంబడే బయటికి తీశాడు.

ఇది రాణి పనే, ఇంకెవరిది, రఘునాథపల్లి సంబంధం పోయినప్పటి నుంచీ దానికి తనమీద కడుపులో మంట ఉంది, అక్కడ పిల్ల తల్లి ఊరికే మాటవరసకు మీ పిలగాడు ఎట్లుంటడు అని అడిగితే తను కూడా ఊరికే మాటవరసకే చెప్పింది, బంగారమసొంటోడు బిడ్డా, చీకటంటే భయం, ఇప్పటికీ లైటేసుకునే పంటడు అని, అందులో తప్పేముంది, రేపు లైటార్పేది ఆ పిల్లే కదా, తెలియాలి కదా, కానీ ఆ సంబంధం మళ్ళీ మాట్లాడలేదు, అప్పటి నుంచి రాణి పళ్ళు నూరుతూనే ఉంది, ఈసారి కారెక్కే ముందు తన చెయ్యి తీసుకుని చిరంజీవి నెత్తిమీద పెట్టించింది, అత్తా, పిల్లోళ్ళ ఇంట్ల నోరు తెరిస్తె నీ మనుమని మీద ఒట్టే అని, ఒట్టు వేసింది తను, వేసినా నమ్మకం కుదరలేదు కాబోలు, జనగామ దాటగానే వాంతి రాకుండా గోళీ ఇచ్చింది, ఆ గోళీకి నిద్రొచ్చింది, నిద్రలో ఉండగా పెట్టెలో పెట్టి మూసినట్టు మూసి వెళ్ళింది, నోరు మూయించడం చాలక మనిషినే మూసింది, ఉండు, ఇంటికి పోయినాక చెబుతా, రేపటి నుంచి దాని చేతి బువ్వ ముట్టను, చెల్లెలింటికి పోయి కూర్చుంటా, అనుకుంటూ ఆవేశంలో చెయ్యి ఊపింది, హారను మళ్ళీ అందుకుంది.

వానలో గొడుగు పట్టుకుని ఎవరో పిల్ల వస్తోంది, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకెత్తి పట్టుకుంది, బురదలో చెప్పు ఇరుక్కుంటే చెప్పు వదిలేసి వచ్చింది, అరెరె ఫోటోలో చూసిన పిల్లే, శైలజ, తొర్రూరు దవాఖానలో రక్తపరీక్షలు చేసే పిల్ల, ఫోటోలో కన్నా నల్లగా ఉంది, ఫోటోలో కన్నా బాగుంది, అద్దానికి ముఖం ఆనించి, ఎవరవ్వా నువ్వు, కార్ల ఒక్కదానివే ఎందుకున్నవ్ అని అరిచింది, అంజమ్మ నోరు తెరవబోయి గట్టిగా మూసుకుంది, ఒట్టు, మనవడి నెత్తిమీద ఒట్టు, ఇది పిల్లోళ్ళ ఇల్లు కాదు కదా కారే కదా అని ఒక నిమిషం అనిపించింది, కానీ పిల్ల పిల్లోళ్ళదే, పిల్ల ఆగలేదు, పెండ్లికొడుకోళ్ళ అవ్వవేనా, పిలగాడు ఎసొంటోడు అవ్వా, జర నిజం చెప్పు, లోపల తలకాయ ఎత్తుతలేడు అంది, అంజమ్మ నాలుక నోట్లో చేపలా కొట్టుకుంది, చెప్పాల్సింది ఎంతుంది, కారుతో ముచ్చట్లు పెడతాడు, అది కుడికి తిరుగు అంటే సరే అంటాడు, ఉరుము ఉరిమితే తలుపులు వేసుకుంటాడు, కూరలో కరివేపాకు తీసి ఈ బాపమ్మ కంచంలో వేస్తాడు, ఏదీ చెప్పలేదు, కళ్ళు మాత్రం పెద్దవి చేసింది, శైలజ ఆ కళ్ళు చూసి జడుసుకుని, బాపూ, కార్ల ముసలామెకు మాట పడిపోయిందే, ఉర్కుర్రి అంటూ లోపలికి పరుగెత్తింది.

ఇక అందరూ వచ్చారు, రేకుల మీద వాన చప్పుడుకు ఇంతసేపూ ఆ హారను ఎవరిదోలే అనుకున్నారట, చిరంజీవి ఫోను తీసి కారుకు చూపించాడు, కారు పలకలేదు, ఫోను నల్లగా ఉంది, దారి చూపించీ చూపించీ దాని చార్జింగు అయిపోయింది, రాజలింగం లోపల చార్జింగు పెట్టి రమ్మంటే తొర్రూరంతా కరెంటు లేదు పొద్దటి సంది అన్నాడు శైలజ తండ్రి, కార్ల నిండ కరెంటున్నది, ఊర్ల లేదు, ఫోన్ల లేదు, గిదేం కథరా అని రాజలింగం నెత్తి కొట్టుకున్నాడు, ఫోను లేకున్నా తలుపు తెరిచే కార్డు ఇచ్చిండ్రు గదా, గది ఏడ పెట్టినవ్ అంటే, కార్లనే, ముందటి డబ్బాల అన్నాడు చిరంజీవి ఏడుపు గొంతుతో, శైలజ అద్దంలోంచి ఏవో సైగలు చేస్తోంది, ముందుకు వంగు అంటోందో, చాయ తాగుతావా అంటోందో తెలియక అంజమ్మ తల అడ్డంగా ఊపింది, హారను, మళ్ళీ హారను, వాడకట్టు సగం గొడుగుల కిందికి వచ్చి నిలబడింది.

వాడు ఏం చేస్తున్నాడు, చిరంజీవి, ఎటు పోయాడు, అదిగో గోడ దగ్గర, రెండు చేతులా ఇంత లావు రాయి ఎత్తుకొస్తున్నాడు, కొత్త చొక్కా నిండా బురద, పైన ఉరుములు, ముక్కు ఎర్రగా అయింది, జరుగుర్రి, అద్దం పలగ్గొడ్త, మా బాపమ్మకు ఊపిరాడుత లేదు అని అరుస్తున్నాడు, నూనె మరక పడితే ఓర్చుకోని వాడు, చేత్తో ముట్టుకుంటే మళ్ళీ తుడిచేవాడు, రాయి తల మీదికి లేపాడు, ఓరి నీ చేతులు పడిపోను, ఒట్టూ లేదు గిట్టూ లేదు, అంజమ్మ నోరు తెరిచింది, పలగ్గొడ్తివో చూడు, బంగారమసొంటి కారు, నేను సచ్చిన్నార, ఆగు అంటూ చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు దూకబోయి ఇరుక్కుని, కాలు పైకి, తల కిందికి అయి, ముందు సీటులో కూలబడింది, ఒకటే హారను, వాడి చెవి పిండాలని తలుపు మీద ఎక్కడో చెయ్యి వేసి గుంజితే తలుపు సుతారంగా తెరుచుకుంది, ముందు తలుపులు లోపలి నుంచి వస్తాయి, వెనకవే రావు, చిన్నపిల్లలు తియ్యకుండా వాడే మీట మలిపి పెట్టాడు, శైలజ ఇందాకటి నుంచి సైగ చేసింది ఆ ముచ్చటే.

వాడు రాయి కాలి మీద వేసుకుని, కుంటుతూ వచ్చి తనను పట్టుకున్నాడు, డబ్బాలోంచి కార్డు తీసి పెడితే గానీ హారను ఊరుకోలేదు, ఊరుకున్నాక వాన చప్పుడు వినబడింది, మాట్లాడుతవ్ గదా, మరి నేనడిగితె ఎందుకు చెప్పకపోతివి అంది శైలజ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒట్టు పెట్టుకున్న బిడ్డా అంది అంజమ్మ, రాణి తల దించుకుంది, శైలజ రాయిని చూసింది, కుంటుతున్న చిరంజీవిని చూసింది, పకపకా నవ్వి, ఎసొంటోడో నేనే సూసుకున్న తియ్, నడువు బాపమ్మా, చాయ చల్లారుతది అంది, ఇందాక అవ్వా అన్న పిల్ల బాపమ్మా అందేమిటని శైలజ తండ్రి బిడ్డ వంక వింతగా చూశాడు.

రాణి కొంగుతో అత్త ముఖం తుడుస్తోంది, కొంగూ తడే, ముఖమూ తడే, జర కన్ను మూసుకున్నవని లేపబుద్ధి గాలె అత్తా, చాయ రాంగనే వచ్చి లేపుత అనుకున్న, అంటోంది, అనుకున్నవి అన్నీ నాలుక చివర పేర్చుకుని అంజమ్మ గట్టిగానే అడిగింది, మరి తలుపులు ఎవలేసిన్రు అని, ఎవలు ఎయ్యలె బాపమ్మా, ఫోన్ బందైతే మనిషి పోయిండనుకుని అవే పడ్తయి అన్నాడు చిరంజీవి, ఎవరూ వెయ్యలేదట, ఎవరి చెయ్యీ పడలేదట, అంతసేపు లోపల కూర్చుని తను తిట్టిన తిట్లలో ఒక్కటీ రాణికి తగిలేది కాదు, పాపం దానికి తెలియను కూడా తెలియదు, మంచిదే అయింది, అద్దాలు మూసి ఉన్నాయి, అనుకుంటూ అంజమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని బురదలో అడుగు పెట్టింది.