రాతివంతెన దగ్గర హౌ కార్యదర్శి

హౌ కార్యదర్శి విగ్రహాన్ని రాతివంతెన మొదట్లో నిలబెడతారని తెలిసిన రోజున మేయిన్ అక్క తింటున్న నూడుల్స్ గిన్నెను అవతలికి నెట్టేసింది.

"జిల్లా మొత్తానికి ఇంకో చోటే దొరకలేదంటా? బస్టాండుంది, కాలవగట్టుంది, పార్టీ ఆఫీసు ముందర అంత మైదానముంది. ఆ వంతెనే కావాల్సొచ్చిందా?"

"అక్కడైతే వచ్చేపోయే లారీలవాళ్ళంతా చూస్తారంట," అన్నాను.

"చూస్తారు. ఆనాడు మేమూ చూశాం."

బియాన్ మేయిన్ అంటే హువాయ్ నది ఒడ్డున తెలియనివాళ్ళు లేరు. ఎడమచేత చిడతలు, కుడిచేత పుల్ల, ముందు చిన్న డప్పు. ఆవిడ కథ ఎత్తుకుంటే టీ దుకాణంలో కప్పుల చప్పుడు కూడా ఆగిపోయేది. పక్కన కూర్చుని మూడు తీగల వాయిద్యం మీటేవాణ్ణి నేను, క్వాంగ్‌ని. ఇద్దరం కుర్రతనంలో కలిసి మొదలుపెట్టి జుట్టు నెరిసేదాకా ఊళ్ళు తిరిగాం. నేను ఆవిడకి రక్తసంబంధీకుణ్ణి కాను. అయినా అక్కే.

హౌ జింగ్‌షాన్ ఒకప్పుడు మా జిల్లా పార్టీ కార్యదర్శి. పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం చలికాలంలో జనం చెట్ల బెరడు ఉడకబెట్టుకు తింటున్నప్పుడు, పంట విరగపండిందని పైకి రాసిపంపినవాడు ఆయనే. గోదాములకు సీలు వేయించాడు. అడుక్కోవడానికి జనం బయటికి పోతే జిల్లా పరువు పోతుందని దారులన్నీ మూయించాడు. రైల్వే స్టేషనుకి పోవాలంటే ఏటి మీది రాతివంతెన దాటాలి. దాని మీద దుడ్డుకర్రలవాళ్ళను నిలబెట్టాడు.

మళ్ళీ ఆయనే, సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఎర్రదళం పిల్లల చేతిలో కాలు విరగ్గొట్టించుకుని, కాగితపు టోపీతో ఊరేగి, చాలా ఏళ్ళు పందులు కాసి తిరిగొచ్చాక, పైనుంచి ఏ ఉత్తర్వూ రాకముందే ఊరుమ్మడి కమ్యూను పొలాలను ఇంటింటికీ పంచేశాడు. తప్పయితే తన తల తీసుకెళ్ళమన్నాడు. ఆ ఏడే మా ఇళ్ళలో మొదటిసారి తెల్లగోధుమ రొట్టెలు మిగిలాయి. తర్వాత రాష్ట్రస్థాయికి ఎదిగాడు, చైనా అంతటా పేరు తెచ్చుకున్నాడు, పోయాడు. మా అమ్మ ఆయన ఫొటోను దేవుడి పక్కన పెట్టి అగరుబత్తి వెలిగించేది. మేయిన్ వాళ్ళమ్మ మాత్రం ఆ రొట్టె పిల్లల చేతిలో పెట్టి, "తినండి. దండం మాత్రం పెట్టకండి" అందట.

విగ్రహం ప్రారంభానికి హౌ జీవితాన్ని కథగా పాడాలని సంస్కృతి శాఖ అధికారి వెయ్ స్వయంగా అక్క ఇంటికి వచ్చాడు. నున్నగా దువ్వుకున్న తల, చేతిలో పండ్ల బుట్ట. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"బియాన్ గురువుగారూ, ఈ జిల్లాలో మీ గొంతు తప్ప ఇంకే గొంతూ దీనికి సరిపోదు. పాట మావాళ్ళు రాసేశారు. మీరు వరస కట్టుకుంటే చాలు."

అక్క కాగితాలు తిరగేసింది. "చదువుకునే రోజులున్నాయి, గెరిల్లా రోజులున్నాయి. ఆ తర్వాత ఒక్కసారే పొలాల పంపకం దగ్గరికి దూకేశారేంటి? మధ్యలో ఆయన నిద్రపోయాడా?"

వెయ్ నవ్వాడు. "పండగపూట అవన్నీ ఎందుకండీ? అంతటి ఛైర్మన్‌కే ఏడు పాళ్ళు మంచి, మూడు పాళ్ళు తప్పు అని పైవాళ్ళు తేల్చేశారు. మన హౌ గారికి తొమ్మిది పాళ్ళు వేద్దాం. ఏమంటారు?"

"మిగిలిన ఆ ఒక్క పాలులో మా తమ్ముడున్నాడా?"

"ఆఁ?"

"మా తమ్ముడు. మూడేళ్ళవాడు. మా నాన్న కూడా. ఇద్దరూ ఆ ఒక్క పాలులోనే ఇమడాలా? వాళ్ళ పక్కనే మా వీధంతా ఉందయ్యా, ఇరుకైపోదూ?"

వెయ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "గురువుగారూ, పాతవి తవ్వితే ఎవరికి లాభం?"

"తవ్వమన్నది మీరు. విగ్రహానికి గుంట తవ్వింది ఎవరు, నేనా?" అని అక్క పండ్ల బుట్ట తీసి అతని చేతిలోనే పెట్టింది. "పాడతాను. కానీ రెండూ పాడతాను. ఆయన మూసిన వంతెన పాడతాను, పంచిన పొలమూ పాడతాను. ఒప్పుకుంటే కబురు పెట్టు."

కబురు రాలేదు. ఆ పాట స్కూలు పిల్లల బృందానికిచ్చారు. వాయించడానికి నన్ను మాత్రం పిలిచారు. నేను ఒప్పుకున్నాను. అది తెలిసి అక్క మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"వెళ్తున్నావంటగా?"

"అక్కా, కోప్పడకు. ఆయన పొలం పంచకపోతే నా ముగ్గురు పిల్లలు బతికేవాళ్ళు కాదు. మీ ఇంట్లో పోయారు, మా ఇంట్లో బతికారు. నేను మాత్రం ఎటు చూడను చెప్పు?"

"ఆయన మంచి చెయ్యలేదని నేనన్నానా? ఎప్పుడైనా అన్నానా?" అక్క గొంతు వీధి చివరిదాకా వినపడింది. "చేశాడు! తల పణంగా పెట్టి చేశాడు! ఆ మాట నీకంటే బాగా నేనే పాడగలను. కానీ తిండి పెట్టినవాడు కాబట్టి చంపినవాడు కాదంటే ఎట్లా ఒప్పుకోమంటావురా? చచ్చినవాళ్ళకి ఒక్క రాయి లేదు. మా నాన్నని ఏ గట్టు కింద పూడ్చారో కూడా తెలీదు. చంపినవాడికి రాయి, అదీ చంపిన చోటే!"

ఆవిడ వెళ్ళిపోయింది.

ప్రారంభం రోజు పొద్దున్నే వంతెన ఇవతల ఎర్రగుడ్డ కప్పిన విగ్రహం, పూల కుండీలు, మైకులు. ముందు వరసలో హౌ కూతురు హౌ రుయి కూర్చుంది. రాష్ట్ర రాజధానిలో డాక్టరుగా చేసి రిటైరైన మనిషి, తండ్రిలాగే పొడుగు. పిల్లలు లేచి పాట మొదలెట్టారు. నేను తీగ మీద వేలు పెట్టానో లేదో, నీళ్ళ అవతలి నుంచి డప్పు వినపడింది.

వంతెన అవతలి చివర, గడ్డి బండ్లు ఆగే చోట, మేయిన్ అక్క డప్పు నిలబెట్టుకుంది. మైకు లేదు, తోడు లేదు. చిడతల దరువు మీద గొంతెత్తింది.

"నాన్న వీపున నేను, నాన్న చంకన తమ్ముడు,
వంతెన దాటితే రైలు, రైలెక్కితే కూడు.
అడ్డమొచ్చిన కర్రకేం తెలుసు ఆకలి,
అడ్డం పెట్టినవాడు ఎరగడా ఆకలి!"

ముందు లారీ డ్రైవర్లు దిగారు. తర్వాత ముసలివాళ్ళు ఒకరొకరే కుర్చీల్లోంచి లేచి వంతెన మీదికి నడిచారు. వెయ్ నా చెవిలో, "వాయించు, గట్టిగా వాయించు, అది వినపడకూడదు" అన్నాడు. అంతమంది ఆకలిని నా తీగలతో కప్పమంటున్నాడు! నాకు ఒళ్ళు మండింది. వాయిద్యం చంకన పెట్టుకుని లేచాను.

"ఎక్కడికి?" అన్నాడు వెయ్.

"నా చోటికి," అన్నాను.

నేను చేరేసరికి అక్క నావైపు చూడనైనా లేదు, పక్కకు జరిగి చోటిచ్చింది అంతే. తమ్ముడు నాన్న చంకలోనే చల్లబడిన సంగతి పాడింది. వారం తిరక్కుండా నాన్న పోయిన సంగతి పాడింది. తర్వాత దరువు మార్చి, కుంటికాలితో పొలం గట్టు మీద నిలబడి "తప్పయితే నా తల తీసుకెళ్ళండి" అన్న హౌని పాడింది. అంత గౌరవంగా ఆయన్ని ఎవరూ పాడి ఉండరు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ముసలివాళ్ళు వంతెన పాటకీ ఏడ్చారు, పొలం పాటకీ ఏడ్చారు.

పోలీసులు వచ్చి మమ్మల్ని జీపెక్కించారు. మధ్యాహ్నానికి వదిలేశారు, డప్పు మాత్రం ఇవ్వలేదు. ఇక ఏ టీ దుకాణంలోనూ పాడకూడదన్నారు.

సాయంత్రం అక్క ఇంటి వాకిట్లో కూర్చుని ఉన్నాం. హౌ రుయి వచ్చింది, ఒక్కతే, నడిచి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా నాన్న పరువు వీధిలో పడేశారు," అంది. "ఆయన పైవాళ్ళ ఆజ్ఞ పాటించాడు. పాటించకపోతే ఆయన్నే తీసేసి ఇంకొకణ్ణి పెట్టేవాళ్ళు. ఆ వంతెన దగ్గర ఆయన్ని మీరు కళ్ళారా చూశారా?"

"చూశానమ్మా. దూది కోటు వేసుకుని కర్రలవాళ్ళ వెనక నిలబడ్డాడు. మా నాన్న ఆయన కాళ్ళ మీద పడ్డాడు. ఆయన ఏడ్చాడు."

"ఏడ్చాడా?"

"కళ్ళు తుడుచుకోవడం చూశాను. అడ్డం పెట్టిన కర్రలు మాత్రం తీయమనలేదు. ఏడవనివాడైతే రాతిగుండె అనుకుని మర్చిపోయేదాన్ని. తెలిసీ తీయించలేదే, అదే మింగుడు పడదు నాకు."

హౌ రుయి ఈసారి గొంతు తగ్గించి అంది. "నాన్న మళ్ళీ ఈ జిల్లాకి వచ్చాక ఆ వంతెన ఎప్పుడూ ఎక్కలేదు. మైళ్ళు చుట్టు తిరిగి పడవ మీద దాటేవాడు. ఎందుకు నాన్నా అంటే కాలునొప్పి అనేవాడు."

అక్క అరుగు మీంచి లేచింది. "అంటే గుర్తుందన్నమాట! అంత గుర్తున్నవాడు ఒక్కసారి నోరు విప్పి తప్పయిందని చెప్పొచ్చుగా?"

"ఎవరికి చెప్పమంటారు? ఆ రోజుల్లో ఎవరికి చెప్పగలిగేవాడు?"

"నాకు," అంది అక్క. "మా ఊరికి. వంతెన ఎక్కి వస్తే ఎంతసేపమ్మా?"

హౌ రుయి వెళ్తూ వెళ్తూ మీ తమ్ముడి పేరేంటని అడిగింది. అక్క చెప్పింది. హౌ కూతురు ఆ పేరు ఒకసారి తన పెదవుల మీద పలికి చూసుకుని వీధి మలుపు తిరిగింది.

విగ్రహం అక్కడే ఉంది. మరుసటి వసంతంలో సమాధులు తుడిచే పండగ నాడు, వంతెన అవతలి చివర ఎవరో పోయిన తమవాళ్ళకి అందాలని పసుప్పచ్చ కాగితాలు కాల్చారు. మున్సిపాలిటీవాళ్ళు బూడిద ఊడ్చేశారు. మర్నాటికి ఇంకా పెద్ద కుప్ప. అక్కా నేనూ వెళ్ళేసరికి కాలవ అవతలి ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చి ఉన్నారు. చిన్న మంటలు, పక్కన ఉడికించిన గుడ్లు, తెల్లరొట్టెలు. కొందరు కాగితాలు కాల్చి, వంతెన దాటి, ఇవతల విగ్రహం దగ్గరా అగరుబత్తిలా ఓ సిగరెట్టు వెలిగించి పెట్టి పోతున్నారు. అక్క వాళ్ళని చూసింది, ఏమీ అనలేదు. మోకాళ్ళ మీద కూర్చుని అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరిపోతే విసుక్కుని ఇంకోటి గీసింది.